గుండ్లకమ్మ వాలున సైకిలు దారులు

మౌంటెన్ బైకు అన్న మాట వినబడినప్పుడెల్ల నాకు మా ప్రాంతపు పాలవాళ్ళు జ్ఞప్తికి వస్తారు. 1970ల నడుమ అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ అనుచోట, కొందరు కుర్రవాళ్ళు ముప్పై నలభై యేండ్లనాటి లావుచక్రాల పాత సైకిళ్ళను కొండమీదికి చేర్చి, మట్టిదారుల వెంట కిందికి దూకించి పందెములు ఆడినారు. 1976లో మొదలైన ఆ పందెమునకు 'రీప్యాక్' అని పేరు. దిగువకు చేరునప్పటికి వెనుక బ్రేకులోని గ్రీజు కాలి ఆవిరి కాగా, ప్రతి దిగుడుకు మరల గ్రీజు కూరవలసి వచ్చేదట. నేటి గేర్ల మౌంటెన్ బైకు ఆ ఆటలోనుండి పుట్టినదే. ఆ రోజులలోనే మా రాచర్ల, అర్ధవీడు బాటలలో పాలవాళ్ళు రెండువైపుల క్యానులు వ్రేలాడగట్టుకొని, గులకరాళ్ళమీద చీకటితో బయలుదేరి, తెల్లవారునప్పటికి ఊరు చేరేవారు. వాళ్ళ సైకిళ్ళకు గేర్లు లేవు. ఒక్కొక్కప్పుడు బ్రేకులు కూడ లేవు, చెప్పుకాలు ముందుచక్రమునకు ఆనించుటయే బ్రేకు. దానికెవ్వరును పేరు పెట్టలేదు, పందెము కట్టలేదు, కనుక చరిత్రకెక్కలేదు.

ఈ ప్రస్తావన ఎందుకు వచ్చినదనగా, నా దగ్గర పదవ తరగతి వరకు చదివి ఇప్పుడు బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న శిష్యుడొకడు దసరాకు ముందు ఫోను చేసినాడు. "సార్, సైకిళ్ళేసుకొని పదిమందిమి వస్తాము. మనవైపు మంచి దారులు చెప్పండి. చూడ్డానికి బాగుండాలి, చరిత్ర ఉండాలి, తారురోడ్డు తక్కువ ఉండాలి" అన్నాడు. పదవీ విరమణ తరువాత నేను ఇరవైయొక్క గేర్ల సైకిలొకటి కొని ఊళ్ళు తిరుగుచున్న సంగతి వానికి తెలియును. వానికి ఫోనులో చెప్పినది కొంత, చెప్పుటకు వ్యవధి లేకపోయినది కొంత, కలిపి ఇక్కడ వ్రాయుచున్నాను. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడిని గనుక దారి తప్పి శాసనములలోనికి పోతే చదువరులు క్షమింతురు గాక.

ముందు నేల స్వరూపము తెలియవలె. పడమట నల్లమల, తూర్పున వెలుగొండలు; నడుమ అంచులు లేచిన పళ్ళెము వంటి నేల. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, కంభము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ప్రకాశము పేరు 1972లో వచ్చినది. ఇప్పటికిని గిద్దలూరులో ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినునప్పుడు పాత బంధుత్వము నాలుకకు తెలియును. 2025 చివర మార్కాపురము పేరుతోనే జిల్లా ఏర్పడినది. జిల్లాలు మారినవి గాని నేల వాలు మారలేదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము దాపున పుట్టిన గుండ్లకమ్మ కొండలు దిగి, కంభము దగ్గర చెరువై నిలిచి, అక్కడినుండి మార్కాపురము ప్రక్కగా సాగి, ప్రోలయ వేమారెడ్డి కొలువై ఎఱ్ఱాప్రెగడకు ఆశ్రయమిచ్చిన అద్దంకిని తాకి, సముద్రములో కలియును.

మోటారు బండిమీద పోవువానికి ఈ వాలు తెలియదు. సైకిలు తొక్కువానికి మోకాలు చెప్పును. మా వైపు పాత గుడి, పాత చెరువు, పాత ఊరు ఏది చూచినను నీటి వాలును కనిపెట్టి కట్టినదే. కనుక నా సలహా ఒక్కటే: రోడ్డును పట్టుకొని పోవద్దు, నీటిని పట్టుకొని పొండి. గిద్దలూరునుండి మార్కాపురము వైపు పోవుట దిగుడు. ఎదురు పోవుట ఎక్కుడు. పటములో రెండును ఒకే దూరము.

శిష్యుని మనసు మాత్రము వేరొక దారిమీద ఉన్నది. 1876 మొదలు రెండేండ్లు రాయలసీమను పీల్చి పిప్పిచేసిన ధాత కరువు తరువాత, మరల అట్టి కరువు వచ్చినప్పుడు ధాన్యము చేరవేయుటకు పనికివచ్చునని ఆంగ్లేయులు బళ్ళారినుండి కృష్ణ వరకు రైలుమార్గము తలపెట్టినారు. 1880లలో వేసిన ఆ మీటరుగేజి దారి గిద్దలూరు దాటి, దిగువమెట్ట, చెలమ, బొగడల మీదుగా నల్లమలను అడ్డముగా చీల్చి నంద్యాల చేరేది. నడుమ లోయమీద దొరబావి వంతెన. పొగబండిలో ఆ వంతెన దాటునప్పుడు కిటికీ ప్రక్క కూర్చున్నవాళ్ళు మాట ఆపేవారు, నేనును ఆపినాను. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు దారి మారినది, పాత కట్ట అడవికి మిగిలినది. "విదేశాల్లో పాత రైలుకట్టల్ని సైకిలు బాటలు చేసినారు సార్. రైలు వాలు మెత్తగా ఉంటుంది. మనది ఎందుకు కాగూడదు?" అని వాని ప్రశ్న.

ప్రశ్న మంచిదే. రైలు నిటారుగా ఎక్కలేదు గనుక దాని కట్ట సైకిలుకు అనువైనదనుట నిజము. కాని ఆ కట్ట పోవునది అభయారణ్యపు సీమలో. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములో అనుమతి లేక అడుగు పెట్టరాదు. 2024 జూనులో పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన స్త్రీని చిరుతపులి చంపినది. సైకిలు చప్పుడు చేయదు. మృగమునకు మన రాక తెలియదు, మనకు దాని ఉనికి తెలియదు. వీటన్నిటికంటె నాకు పెద్దదిగా తోచునది మరొకటి. ఆ అడవి చెంచులకు ఇల్లు. వాళ్ళు వంటచెరకుకు, తేనెకు పోయినప్పుడు ప్రశ్నలడిగే దారిలో మనము హెల్మెట్లు పెట్టుకొని వినోదమునకు పోవుట నాకు సమ్మతము కాదు. నందికనుమ మీది తారురోడ్డు సంగతి అడిగినాడు. లారీల రద్దీలో ఆ మలుపులు సైకిలుకు తగవన్నాను. అడవిని చూడవలెనన్న సైకిళ్ళను గిద్దలూరులో వదలి, నంద్యాలకు రైలెక్కి, కిటికీ ప్రక్క కూర్చోమన్నాను. "అంతేనా సార్" అన్నాడు. అంతే అన్నాను. కొంచెము చిన్నబుచ్చుకొన్నాడు.

ఇక నేను చెప్పిన దారి. మొదటి మజిలీ రాచర్ల మండలములోని సత్యవోలు. రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయములున్నవి. బాదామి చాళుక్యులనాటి కట్టడములు. అలంపురము నవబ్రహ్మల గుళ్ళను చూచినవాళ్ళకు ఇక్కడి ఉత్తరాది తరహా శిఖరము చూడగానే పాత చుట్టము కనబడినట్లుండును. అలంపురమునకు బస్సులు నిండా జనము వస్తారు. ఇక్కడ నేను పోయిన నాలుగుసార్లలో మూడుసార్లు నేనొక్కడనే. బేస్తవారిపేట మండలము పిటికాయగుళ్ళలోని పిటికేశ్వరాలయములు కూడ ఆ చాళుక్య వంశపు కాలమునకు చెందినవే. రెంటినడుమ కంది, పత్తి చేల గట్లమీదుగా బండిబాటలున్నవి. పటములో చూపని బాటలవి. చేలో పనిచేయువారిని అడుగుచు పోవలె. "ఎవురి తాలూకు?" అని ముందు మనలను ప్రశ్నించి, తరువాత దారి చెప్పుదురు.

శనివారము బయలుదేరితే నెమలిగుండ్ల రంగస్వామిని చూడవచ్చును. గుండ్లకమ్మ కొండలనుండి గుండములోనికి దూకుచోట ఆలయము. అడవిలోనిది గనుక శనివారమే తెరచెదరు. బాట భక్తులకు విడిచిన బాట. దానిని విడువక పోయి, ప్రొద్దుగూకక ముందే మరలి రావలె.

బేస్తవారిపేట మండలములోనే మోక్షగుండము. ముక్తేశ్వరాలయమున్న చిన్న ఊరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వులు ఈ ఊరివారు. ఇక్కడినుండి మైసూరు సీమకు వలస పోయినారు, ఇంటిపేరును వెంట తీసికొనిపోయినారు. నీటి కట్టడములకు దేశమంతట పేరు పొందిన ఇంజనీరు ఇంటిపేరు కంభము చెరువుకు ఇంత దగ్గరి ఊరిదని తరగతిలో చెప్పినప్పుడెల్ల పిల్లలు నమ్మక నవ్వేవారు.

కంభము చెరువు దగ్గర సగము దినమైన ఆగవలె. నేను ఆగనివ్వక మానను. రెండు కొండలనడుమ గుండ్లకమ్మ దూరిపోవు సందుకు అడ్డముగా ఒక కట్ట. ఆంగ్లేయుల కాలపు గెజిటీరు దాని ఎత్తు 57 అడుగులనియు, ఆ చెరువులోనికి పారు నేల 430 చదరపు మైళ్ళనియు చెప్పినది. గుండ్లకమ్మతోపాటు జంపలేరు కూడ ఇందులోనే చేరును. గజపతి కుమార్తె, శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని ఇక్కడి ప్రతీతి. రాయల ఆదరము పొందని తుక్కాదేవి కంభములో ఏకాంతవాసము చేసినదనియు, 'తుక్కాపంచకము' అను ఐదు సంస్కృత శ్లోకములు ఆమెవే అనియు మరొక కథ కలదు. గజపతి కుమార్తెకు గ్రంథమునకొక పేరు. ఆ వాదములోనికి నేను పోను. భర్త పలకరించని యింతి ఇన్ని వేల ఎకరముల చేలను పలకరించినదను ఊహ మాత్రము, కట్టమీద నిలిచినప్పుడు, కాదనబుద్ధి కాదు.

కట్టను చూచునప్పుడు పోరుమామిళ్ళ శాసనము గుర్తుకు రాక మానదు. గిద్దలూరునకు దక్షిణముగా కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువున్నది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు త్రవ్వించినది. 1369నాటి దాని శాసనము చెరువుకు పన్నెండు అంగములు, ఆరు దోషములు చెప్పును. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసినవాడు, గట్టి నేల, దూరమునుండి వచ్చు తియ్యని నీటి నది, ఆనుకొన్న కొండలు, వాటినడుమ మరీ పొడవుకాని దిట్టమైన రాతికట్ట, దగ్గరలో పొడవైన రాళ్ళు దొరకు గని, చేయి తిరిగిన పనివాళ్ళు: ఇట్లు సాగును ఆ పట్టిక. కంభము కట్టమీద నిలిచి ఒక్కొక్క అంగమును వ్రేళ్ళమీద లెక్కించుకొనవచ్చును. ఇంత పెద్ద చెరువుకు ఇంత పొట్టి కట్టయా అని ఆశ్చర్యపడువారికి సమాధానము ఆ కొండల సందే. దోషములలో ఒకటి, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట. ఏడువందల యేండ్ల నాడే నీటి తగవులు తెలిసినవారన్నమాట! 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వ కట్టడములుగా గుర్తించినవాటిలో కంభము, పోరుమామిళ్ళ చెరువులు రెండును ఉన్నవి.

ఇంత చెప్పి నీళ్ళ సంగతి చెప్పక పోతే అది ప్రయాణ సలహా కాదు. నా చిన్ననాట, నేను ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలోను, ఎండలో సైకిలు ఆపి ఏ ఇంటిముందు నిలిచి "అమ్మా, మంచినీళ్ళు" అన్నను చెంబుతో నీళ్ళు వచ్చేవి. అడుగుటకు సంకోచము లేదు, ఇచ్చుటకు లెక్క లేదు. మా వైపు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. పండ్లు గారపట్టిన పిల్లలను, నడివయసుకే కీళ్ళు పట్టి వంగిపోయిన వారిని ముప్పై యేండ్లు బడిలో, బడి బయట చూచినాను. ఇప్పుడు త్రాగు నీరు క్యానులలో కొనుక్కొందురు. రెండేండ్ల క్రితము తర్లుపాడు దాపున ఒక ఇంటిముందు ఆగి అలవాటు చొప్పున నీళ్ళడిగినాను. ఆ ఇంటి కోడలు కాబోలు, లోపలికి పోయి, క్యాను వంచినది. అడుగున మిగిలినవి రెండు గ్లాసులుండును. ఒక గ్లాసు నాకిచ్చి, గడపలో నిలిచిన పిల్లవానితో "సాయంత్రం బండొస్తాదిలే" అన్నది. ఆ గ్లాసు త్రాగుట నాకు ఎంత కష్టమైనదో చెప్పలేను. త్రాగకపోతే ఆమెకు మరింత కష్టము. అప్పటినుండి నా సైకిలుకు రెండు పెద్ద సీసాలుండును. శిష్యునితోను అదే అన్నాను: నాయనా, పదిమంది వస్తే పదిమందికి సరిపడు నీళ్ళు మీరే తెచ్చుకోండి. అన్నము, టీ మా ఊళ్ళలో కొనండి. నీళ్ళు మాత్రము అడగవద్దు. అడిగితే లేదనరు, అందుకే.

రెండవనాటి దారి ఇంకను చిత్రమైనది. శ్రీశైలము జలాశయమునుండి నల్లమల కింద సుమారు 19 కిలోమీటర్ల జంట సొరంగములు తొలిచి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అను మూడుచోట్ల కొండల సందులకు కట్టలు కట్టి, నల్లమలసాగరమని జలాశయము నింపవలెనన్నది వెలిగొండ పథకము. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగములను జాతికి అంకితము చేసినారు, అప్పటికి వాటిలో నీరు పారలేదు. కంభము కట్టిన ఉపాయమే ఇదియు: కొండ వదలిన సందును మనిషి మూయుట. కొండపాదము వెంబడి మట్టిబాటలు ఈ కట్టల దరిదాపులనుండి పోవును. మౌంటెన్ బైకుకు ఇంతకంటె మంచి దారి మా వైపు లేదు. ఎడమచేతివైపు నల్లమల గోడ, కుడివైపు ఎర్రమన్ను, రేగుపొదలు, నడుమ వాగుల ఇసుక. అయితే కట్టల లోపలి ఊళ్ళు ముంపు ఊళ్ళు. తరములుగా నీటికి మొరపెట్టుకొన్న సీమకు నీరు వచ్చుటకు కొన్ని ఊళ్ళు నీట మునుగవలె. ఏ దారి చూచి ముచ్చటపడమని చెప్పుచున్నానో ఆ దారిలో కొంత రేపు నీటి అడుగున ఉండును. నీరు రావద్దని నేనెట్లనగలను? దారి పోవునని విచారింపకుండ ఎట్లుండగలను?

మార్కాపురము చేరుచుండగా నేల రంగు మారును. పలకరాతి సీమ. ఈ పట్టణమునకు పేరు తెచ్చినవి రెండు: లక్ష్మీచెన్నకేశవాలయము, పలక. నా చేత ఓనమాలు దిద్దించిన పలకయు, నేను వందల పిల్లలచేత దిద్దించిన పలకయు ఈ గనులనుండి వచ్చినవే. బడులలో పలక పోయి నోటుపుస్తకము వచ్చినది. ఇప్పుడు రాయి ఇండ్ల గోడలకు, నేలలకు పలకలుగా విదేశములకు పోవును. గనుల ప్రక్క పడవేసిన పెచ్చుల గుట్టలు సాయంత్రపు ఎండలో చూచుటకు బాగుండును, టైర్లకు మాత్రము బాగుండవు. పలకపెచ్చు కత్తివలె కోయును. సీమతుమ్మ ముల్లు చేసిన పంక్చరు చిన్నది; పలకపెచ్చు చేసినది టైరునే చీల్చును. గనులదారిలో దిగి నడిపించుకొని పోవుట మేలు.

త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమునే శ్రీశైలమునకు కేటాయించినాడు. శివరాత్రికి కాలినడకన కొండ ఎక్కువారిని ఇప్పటికిని మా వైపు దోర్నాల దారిలో చూడవచ్చును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరి నల్లమలకు పడమటి ప్రక్కగా అహోబిలము, ఆత్మకూరు మీదుగా శ్రీశైలమెక్కినారు. మావైపు వచ్చియుంటే కంభము చెరువు మీద నాలుగు పుటలైన దక్కేవని నాకు తీరని కొరత. భైరవకోన గుహాలయములు దూరము. వాటికి వేరే రోజు, వేరే టపా.

కాలము సంగతి. కార్తీకమునుండి మాఘము వరకే. ఫాల్గుణము దాటితే మా ఎండకు గేర్లు పనికిరావు.

సంక్రాంతి వెళ్ళిన వారమునకు శిష్యుడు వచ్చినాడు. పదిమంది అన్నవాళ్ళు ఏడుగురైనారు. వెంట రెండు పెద్ద నీళ్ళ డబ్బాలతో ఆటో ఒకటి మాట్లాడుకొని వచ్చినారు. అది చూచి నేనేమియు అనలేదు గాని సంతోషించినాను. రైలుకట్ట మాట వాడు మరల ఎత్తలేదు. కంభము కట్టమీద పన్నెండు అంగములు చెప్పుచుండగా ఏడుగురిలో నలుగురు విన్నారు. నా తరగతిలో ఎప్పుడును అంతకు మించి వినలేదు.

రెండవనాడు ముంపు ఊళ్ళలో ఒకదానిలో టీ బంకు దగ్గర ఆగినాము. శిష్యుడు ఫోను తీసి, తాము వచ్చిన దారి పటముమీద ఎర్రగీతగా పడియుండుట బంకు ముందు కూర్చున్న పెద్దాయనకు చూపినాడు. ఆయన ఫోను చేతిలోనికి తీసికొని, కళ్ళకు దగ్గరగా పట్టుకొని, గీత వెంట వేలు పెట్టి పోనిచ్చినాడు. "ఇది మా చేను మలుపు గదూ? ఇది బావి. ఇదిగో, ఇక్కడ చింతచెట్టు" అని ఒక్కొక్కటే గుర్తుపట్టినాడు. ఫోను తిరిగి ఇచ్చుచు, "నీళ్ళొస్తే మేము పైకి పోతాము అబ్బాయ్. నీ ఫోన్లో ఈ గీత మాత్రం తుడపబాక" అన్నాడు.